పాలరాతి మీద లేని పేర్లు: తెలుగునాట కతోలిక విశ్వాసం, ఒక సింహావలోకనం

మా ఊరి గుడిలో వాకిలి దాటగానే కుడిచేతి గోడకు ఒక పాలరాతి పలక కనిపిస్తుంది. విచారణ (పారిష్) ఏర్పడిన నాటి నుంచి పనిచేసిన గురువుల పేర్లన్నీ దానిమీద వరసగా చెక్కించారు. పైన నోరు తిరగని విదేశీ పేర్లు, నడుమ మలయాళీ పేర్లు, అడుగున మన రాయప్పలూ శౌరిలూ. ఎవరు ఏ ఏడు వచ్చారో, ఏ ఏడు బదిలీ మీద వెళ్లారో పక్కనే అంకెలు. మా తాత పేరు అక్కడ లేదు. ఆ గుడికి ఆయన ముప్పై ఏళ్లకు పైగా ఉపదేశి, అంటే జపాలూ సత్యోపదేశమూ నేర్పే గృహస్థు. ఆయన ఉండగా తొమ్మిదిమంది గురువులు మారారు. ఆ తొమ్మిదిమంది పేర్లూ పలక మీద ఉన్నాయి.

ఆ ఉక్రోషంతోనే ఈ వ్యాసానికి కూర్చున్నానని ముందే ఒప్పుకుంటాను. తీరా నాలుగు వందల ఏళ్లు వెనక్కి తిరిగి చూస్తే ఆ పలక మా ఊరిది ఒక్కటే కాదని తేలింది. తెలుగునాట కతోలిక చరిత్రనంతా మనవాళ్లు ఆ పలక మాదిరిగానే రాసుకున్నారు. మిషనరీ అనగానే తెల్ల అంగీ, పొడుగాటి గడ్డం, గుర్రమో సైకిలో కళ్లముందు మెదులుతాయి. అంగీ లేనివాళ్లు, చేలో కలుపు తీస్తూనో మగ్గం ముందు కూర్చునో పిల్లలకు జపాలు నేర్పినవాళ్లు, పురుటింట్లో ప్రాణం పోతున్న పసిగుడ్డు నెత్తిన చెంబుతో నీళ్లు పోసిన మంత్రసానులు ఆ మాటలోకి రానే రారు. విశ్వాసం ఊరి నుంచి ఊరికి నడిచింది మాత్రం ఎక్కువగా వాళ్ల కాళ్ల మీదే.

మొదటి అడుగు రాజుగారి కొలువులో పడింది. 1598లో యేసుసభ (జెసూట్) గురువులు చంద్రగిరికి వచ్చి రెండవ వేంకటపతిరాయలి దర్శనం చేసుకున్నారు. రాయలు ఆదరించాడు, గుడి కట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. చిత్రకళ తెలిసిన సహోదరులు బొమ్మలు వేసి చూపించారు, కొలువులో పండితులతో వాదాలు జరిగాయి. ఇంతా చేసి ఆ మిషను రెండు దశాబ్దాలు కూడా నిలవలేదు, జ్ఞానస్నానం పొందినవాళ్లూ కొద్దిమందే. రాజు మారితే దేశం మారుతుందన్నది ఆనాటి లెక్క. ఆ లెక్క మన దగ్గర పారలేదు. కొలువులో గెలిచిన వాదం ఊళ్లో ఒక్క పొయ్యి దగ్గరికీ చేరలేదు.

రెండో ప్రయత్నం వేరే దారిలో నడిచింది. సయాం దేశం నుంచి 1688లో వెళ్లగొడితే పుదుచ్చేరి చేరిన ఫ్రెంచి యేసుసభవారు, 18వ శతాబ్దం తొలి ఏళ్లలో కర్ణాటక మిషను పేరుతో ఉత్తరానికి కదిలారు. మొదుయ్, బూషే, లెగాక్ వంటివారు కాషాయం కట్టారు, మాంసం మానేశారు, పూరిపాకల్లో సన్యాసుల్లా బతికారు. పుంగనూరు, కృష్ణాపురం, మదిగుబ్బ, చిక్కబళ్లాపురం ఆ కాలపు పేర్లు. ఫ్రాన్సుకు వాళ్లు రాసిన ఉత్తరాలు పుస్తకాలుగా అచ్చయ్యాయి. వాటిని చదువుతుంటే ఒక సంగతి పదేపదే తగులుతుంది. కొత్త ఊరికి ముందు వెళ్లేది ఉపదేశి. అక్కడి కులాల సంగతి, పాలెగాడి మనసు, చుట్టరికాలు ఆరా తీసేది ఉపదేశి. గురువు వచ్చేనాటికి జపాలు నోటికి వచ్చిన నాలుగు కుటుంబాలను సిద్ధం చేసి ఉంచేదీ ఆయనే. గురువు చేసేది చివరి పని, జ్ఞానస్నానం. ఉత్తరం రాసేది గురువు కాబట్టి ఆయన పేరు దానికింద ఉంటుంది. ఉపదేశి చాలాచోట్ల ‘ఒక ఉపదేశి’గానే మిగిలిపోయాడు.

ఆ గురువుల పాండిత్యాన్ని తక్కువ చేయను. కాల్మెత్ వేదాల ప్రతులు సంపాదించి పారిసు రాజ గ్రంథాలయానికి పంపాడు. కూర్దూ తెలుగు, సంస్కృతం క్షుణ్ణంగా చదివి, సంస్కృతానికి గ్రీకు లాటిన్లతో ఉన్న చుట్టరికాన్ని 1767లోనే పారిసులోని శాసనాల, సాహిత్యాల అకాడమీకి రాసి పంపాడు. విలియం జోన్సు కలకత్తాలో ఆ మాట అన్నది 1786లో. పేరు జోన్సుకు దక్కింది. గురువుల ముందు నడిచిన ఉపదేశుల పేర్లు మింగేసిన చరిత్రే కూర్దూ పేరును కూడా అలా మింగేసింది. తెలుగు కవులు కూడా ఈ కథలో ఉన్నారు. పింగళి ఎల్లనార్యుడి ‘సర్వేశ్వర మాహాత్మ్యము’, మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ క్రైస్తవ కథావస్తువుతో వచ్చిన పాత తెలుగు కావ్యాలు. పద్యం చదివి మురిసేవాళ్ల కోసం రాసినవి అవి. నాట్లలో పాడుకోవడానికి పనికిరావు.

ఈ సన్యాసి వేషానికి ఒక ధర కూడా ఉంది. దాన్ని దాచి చరిత్ర చెబితే అబద్ధమే అవుతుంది. పై కులాలవాళ్లు దగ్గరికి రానివ్వాలంటే మాల మాదిగ గూడేలకు దూరంగా ఉండాలి. రోగం వచ్చిన దళిత క్రైస్తవుడి గుడిసెలోకి గురువు వెళ్లాలా వద్దా అన్నది రోమాపురి దాకా వెళ్లిన తగాదా. 1704లో పాపుగారి దూత తుర్నోన్ పుదుచ్చేరిలో ఆజ్ఞ ఇచ్చాడు, వాదం నలభై ఏళ్లు నలిగింది. 1744లో పద్నాలుగవ బెనెడిక్టు పాపుగారి శాసనంతో ముగిసింది. దళితులకు వేరే గురువులను పెడతామన్న సర్దుబాటు కూడా ఆ ముగింపులో భాగమే. గుడిసెలోకి వంగి వెళ్లడానికి వేరే మనిషి కావలసి వచ్చాడన్నమాట. ఆ సర్దుబాటు తాలూకు గీత మా ఊరి తేరు దారిలో నా చిన్నప్పటిదాకా ఉంది. మరియమాత తేరు పెద్ద వీధులన్నీ తిరిగి, పల్లె మొదట్లో ఉన్న చింతచెట్టు దగ్గర ఆగి, అక్కడి నుంచే వెనక్కి మళ్లేది. మేమే చెట్టు దాకా వెళ్లి దండం పెట్టుకునేవాళ్లం. తేరు ముందు జపమాల చెప్పించేది మా తాత. చెట్టు దగ్గర ఆగే తేరుతో పాటు ఆయనా ఆగేవాడు, తర్వాత తేరు వెనక్కి, ఆయన ఇంటికి.

ఇక ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే కాలం దగ్గరికి వస్తాను. చరిత్ర పుస్తకాలు దాన్ని అరపేజీలో దాటేస్తాయి.

పోర్చుగల్ 1759లో, ఫ్రాన్సు 1764లో యేసుసభను నిషేధించాయి. 1773లో పాపుగారే సభను రద్దు చేశారు. కర్ణాటక మిషను 1776లో పారిసు పరదేశ మిషను సంఘం చేతికి వచ్చింది. వచ్చింది గానీ మనుషులు లేరు. వేళ్ల మీద లెక్కపెట్టే గురువులకు పుదుచ్చేరి నుంచి కృష్ణా తీరం దాకా ఉన్న ఊళ్లు. పైగా మరాఠా గుర్రాలు, హైదరాలీ దండ్లు, కరువులు. ఏడాదికోసారి గురువు కంటపడితే అదే పండుగ. పూజ లేదు, పాపసంకీర్తనం లేదు, దివ్యసత్ప్రసాదం లేదు. పుస్తకం లేదు, ఉన్నా చదివేవాళ్లు ఎందరని?

అప్పుడు మిగిలింది ఏమిటి? ఇల్లు చేయగలిగినంత మిగిలింది. ఆపదలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని తిరుసభ చట్టమే చెబుతుంది. ఇచ్చారు. పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం తల్లి నోటి నుంచి బిడ్డ నోటికి వెళ్లాయి. శుక్రవారం నీసు ముట్టలేదు. శవాన్ని పూడ్చేటప్పుడు జపం తెలిసిన పెద్దమనిషి ముందు నిలబడ్డాడు. ఇంకొకటి కూడా మిగిలింది, పేర్లు. పేతురు అంటే రాయి, అందుకే రాయప్ప. లాటిన్ పౌలుకు చిన్నవాడని అర్థం, అందుకే చిన్నప్ప. ఇగ్నాసి ఇన్నయ్య అయ్యాడు, క్సేవియర్ శౌరి అయ్యాడు, జోసెఫు జోజి అయ్యాడు. వీటిలో కొన్ని అరవదేశం మీదుగా వచ్చినవే అయినా మన నోళ్లలో అరిగి మన పేర్లయిపోయాయి. గుడీ గురువూ లేని చోట బిడ్డను ‘ఇన్నమ్మా’ అని కేకేయడమే ఆ ఇంటి విశ్వాస ప్రమాణం. సత్యోపదేశంలో దీనికో పాఠం ఉండదు గానీ, నా మటుకు నాకు ఇంతకన్నా గట్టి మిషను పని కనిపించదు.

ఆ కుటుంబాలు కదిలాయి కూడా. రాయలసీమలో కరువు, కొల్లగొట్టే దండ్లు. తూర్పున పల్నాడు, కొండవీటి సీమల నల్లరేగడి. బండ్లెక్కి వచ్చిన రెడ్లు తమతో విత్తనాలు తెచ్చుకున్నట్టే జపాలూ తెచ్చుకున్నారు. ఫిరంగిపురం, పాటిబండ్ల, ముట్లూరు, రెంటచింతల వంటి ఊళ్ల కతోలిక సంఘాల పుట్టుక అదే. వాళ్లను ఎవరూ పంపలేదు. భూమి కోసం వచ్చారు. వచ్చిన చోట ముందు పాక వేసుకున్నారు, తర్వాత గుడి పాక వేశారు, ఆ తర్వాత గురువు కోసం కబురు పెట్టారు. గురువు వచ్చి సంఘం పెట్టడం మనకు తెలిసిన వరస. ఇక్కడ సంఘమే వెళ్లి గురువును పిలిపించుకుంది.

తర్వాతి కాలంలో మైసూరు సీమలో ముప్పై ఏళ్లు పనిచేసిన దుబ్వా అనే ఫ్రెంచి గురువు దేశం విడిచి వెళ్లిపోయాడు. హిందువులలో క్రైస్తవం నాటుకోవడం అయ్యే పని కాదని 1823లో పుస్తకమే వేశాడు. ఎన్నో చూసినవాడు, ఊరికే అన్న మాట కాదు. కానీ దానికి ఏడాది ముందు, 1822లో, రెండు చిన్న సంగతులు జరిగాయి. ఫ్రాన్సులో లియోన్ పట్టణంలో పోలిన్ జారికో అనే అమ్మాయి పట్టు మిల్లు పనివాళ్లను పదిమందికొక జట్టుగా చేర్చి, వారానికి తలా ఒక చిల్లర నాణెం, రోజుకో జపం చొప్పున మిషన్ల కోసం పోగుచేయడం అంతకు కొన్నేళ్ల ముందే మొదలుపెట్టింది. ఆ జట్లే 1822లో విశ్వాస వ్యాప్తి సంఘమయ్యాయి, ప్రపంచమంతటా మిషన్లకు డబ్బు అక్కడి నుంచే పారింది. జారికో మఠకన్య కాదు, ఏ దేశమూ వెళ్లలేదు. ఇక రెండో సంగతి, ఆ ఏడే ఫిరంగిపురంలో జ్ఞానమ్మ పుట్టింది.

జ్ఞానమ్మకు పెళ్లయింది. కాపురం కీళచ్చేరిలో, ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలో. తెలుగు కతోలిక కుటుంబాలు వలస వెళ్లి స్థిరపడ్డ ఊరది. కొడుకులను పెంచింది, భర్తను పోగొట్టుకుంది. ముండమోసిన ఆడది వాకిట్లోకి రావడమే అశుభమనే రోజులు. ఆవిడ వాకిట్లోకి రావడమే కాదు, 1863లో ఆ వాకిట్లో ఆడపిల్లలకు బడి పెట్టింది. బడి చుట్టూ మరికొందరు స్త్రీలు చేరారు. మద్రాసు, ఫిరంగిపురం అన్నమ్మ సభల మఠకన్యలు ఇవాళ ఆమెనే తమ స్థాపకురాలిగా చెప్పుకుంటారు. 1874లో పోయింది. తిరుసభ ఇప్పుడు దైవసేవకురాలు అంటోంది, పునీత పట్టం తోవలో అది మొదటి మెట్టు. సాధ్యం కాదని దుబ్వా తేల్చినదాన్ని ఈమె సాధించిందని నేననను. ఆయన ప్రశ్న వేరు, రాజ్యాలూ మతాలూ మారడం గురించి. ఆమె ముందున్నది అంత పెద్ద ప్రశ్న కాదు. పక్కింటి పిల్లకు అక్షరాలు రావడం లేదు.

19వ శతాబ్దం నడుమ నుంచి సభలు బారులు తీరాయి. విశాఖపట్నానికి 1846లో అన్నెసీ నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారు, హైదరాబాదుకు 1855లో మిలాను సభవారు, ఆ తర్వాత నెల్లూరు గుంటూరు సీమలకు లండన్ మిల్‌హిల్ గురువులు వచ్చారు. ఫిరంగిపురంలో ఇవాళ్టికీ దూరం నుంచి కనిపించే బాలయేసు గుడి మిల్‌హిల్ సభ దీక్మన్ గురువుగారి పూనికతో లేచింది. ఈ సభల చరిత్రలు ఎవరికి వారు రాసుకున్నారు, బాగానే రాసుకున్నారు. నేను దాటేస్తున్నాను.

ఆగవలసింది పల్లెల్లో. 1876-78 ధాత కరువు తర్వాత మాల మాదిగ పల్లెలు గుంపులుగా క్రైస్తవంలోకి కదిలాయి. ఎక్కువమంది బాప్టిస్టు, లూథరను గుడులకు వెళ్లారు, కొందరు మా వైపు వచ్చారు. అన్నం కోసం వచ్చారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. కరువులో అన్నం కోసం వెళ్లనివాడెవడు? అన్నం పెట్టిన చేయి కరువు తీరాక కూడా వదలకపోతే, పేరు పెట్టి పిలిస్తే, పలక చేతికిస్తే మనిషి అక్కడే ఉండిపోతాడు. ఉండిపోయారు. కతోలికం తెలుగునాట చివరికి దళితుల మతమైంది ఈ తోవనే. అంతకు నూరేళ్లకు పైగా ముందు గుడిసెలోకి వెళ్లాలా వద్దా అని పోట్లాడుకున్న తిరుసభకు ఆ గుడిసెలే విచారణలయ్యాయి.

ఆ పల్లెలను నిలబెట్టింది ఉపదేశి పంతులు. ఒక్క మనిషిలో బడిపంతులు, దేవళం కాపరి, వైద్యుడు, మధ్యవర్తి. మా తాత రోజెలా గడిచేదో నాకు గుర్తున్నంతలో చెబుతాను. తెల్లవారుజామున రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టేవాడు, అదే గంట. త్రికాల జపం చెప్పించి, కూలికి పోయేవాళ్లతో పాటు తనూ పోయేవాడు. ఉపదేశికిచ్చే జీతంతో ఇల్లు గడిచేది కాదు. మళ్లీ పొద్దుగూకాక గుడి వసారాలో లాంతరు. ముందు అక్షరాలు, తర్వాత సత్యోపదేశం, ప్రశ్నా జవాబూ బట్టీ. పిల్లవాడు జవాబు తప్పితే కొట్టేవాడు కాదు, మళ్లీ అదే ప్రశ్న అడిగేవాడు. విసుగు పుట్టి నేర్చుకునేవాళ్లం. ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే అర్ధరాత్రి పదిమైళ్లు నడిచి విచారణ గురువును లేపి అవస్థ అభ్యంగనానికి వెంటబెట్టుకొచ్చేవాడు. వానాకాలం వాగు పొంగితే తానే పక్కన కూర్చుని జపాలు చెప్పి సాగనంపేవాడు.

ఆయన బౌండు పుస్తకం ఒకటి మా ఇంట్లో ఉంది. పెన్సిలుతో గీసిన గడులు: తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి. కొన్ని వరసల చివర ‘ఇంట్లోనే’ అని రాసి ఉంటుంది. గురువు రాకముందే ప్రాణం పోతుందని భయపడి ఇంట్లోనే జ్ఞానస్నానం ఇచ్చిన బిడ్డలు వాళ్లు. అలాంటి వరసల్లో చాలా వాటికి పక్కనే చిన్న సిలువ గుర్తు. రెండు మూడు వరసలకు మాత్రం లేదు, అంటే బతికారు. వాళ్లలో ఒకావిడ మొన్నమొన్నటిదాకా మా వీధిలోనే ఉండేది. తన నెత్తిన నీళ్లు పోసింది మంత్రసాని అయిన మా నాయనమ్మేనని చెప్పుకునేది. పుస్తకంలో రాసింది తాత, నీళ్లు పోసింది నాయనమ్మ. ఆయన పేరు పాలరాతి మీద లేదని నేను గొణుగుతున్నాను, ఆవిడ పేరు ఆయన పుస్తకంలో కూడా లేదు.

నాయనమ్మ ఇంకో పని చేసేది. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసేది. ఆదివారం ఆ కుండ గుడికి వెళ్లేది. పల్లెలో ప్రతి ఇంటా అదే. ఆ పిడికెడు బియ్యం గంజితోనే సరిపెట్టుకునే, తిండి చాలీచాలని ఇళ్లవి. లియోనులో పోలిన్ నాణెం గురించి నేను చదివింది చాలా ఏళ్ల తర్వాత. చదవగానే ముందు గుర్తొచ్చింది ఆ కుండ.

20వ శతాబ్దంలో స్త్రీలే మిషనుకు కొత్త ముఖమయ్యారు. 1904లో హాలెండు నుంచి యేసు మరియ జోజప్పల సభ మఠకన్యలు గుంటూరు చేరారు. 1920లో వాళ్లలో చేరడానికి మెల్బోర్న్ నుంచి ఒక డాక్టరు వచ్చింది, మేరీ గ్లౌరీ. అక్కడ మంచి ప్రాక్టీసు వదులుకుని గుంటూరులో మఠకన్యగా మారి, పాపుగారి అనుమతితో వైద్యం చేసింది. ఆమె చేసిన వాటిలో నాకు గొప్పగా తోచేది, ఇక్కడి ఆడపిల్లలకు మందులు కలపడం, కాన్పులు చేయడం నేర్పడం. మా నాయనమ్మలాంటివాళ్ల చేతి పనికి సబ్బు, వేడినీళ్లు జతచేసింది. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేసింది. 1957లో పోయింది, 2013లో దైవసేవకురాలిగా ప్రకటించారు. తెలుగువాడు మొదటిసారి పీఠాధిపతి అయింది దానికి మూడేళ్ల ముందు, 1940లో, గుంటూరుకు థామస్ పోతకమూరి. చంద్రగిరి నుంచి లెక్కేస్తే మూడు వందల నలభై రెండేళ్లు పట్టింది!

గుణదల సంగతి వేరు. 1924లో అక్కడి అనాథాశ్రమం చూసుకునే ఇటలీ గురువు అర్లాటి కొండ మీద లూర్దు మాత స్వరూపం పెట్టారు. ఆ కొండను తిరునాళ్లు చేసింది మాత్రం జనమే. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో వెళ్లి చూడండి. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు, బిడ్డను కాళ్ల దగ్గర పడుకోబెట్టేవాళ్లు. అందులో కతోలికులెవరో కానివాళ్లెవరో పైకి తెలియదు. 1704లో అయితే ఈ ఆచారాల మీద ఇంకో నలభై ఏళ్లు తగాదా నడిచేది. ఇప్పుడు కొబ్బరికాయకు వరస కట్టించి సాగనంపుతున్నారు.

1927లో తిరుసభ మిషన్లకు పాలకులుగా ఇద్దరిని ప్రకటించింది. ఒకరు ఆసియాలో దేశదేశాలు తిరిగిన శౌరివారు, ఇంకొకరు మఠం గోడ దాటకుండా ఇరవై నాలుగేళ్లకే పోయిన చిన్న తెరేజమ్మ. 1965లో రెండవ వాటికన్ మహాసభ గృహస్థుల ప్రేషితత్వం మీద ప్రత్యేకంగా ఒక పత్రమే వెలువరించింది. జ్ఞానస్నానం పొందిన ప్రతివారూ పంపబడినవారేనని మహాసభ చెప్పింది. పూజ తెలుగులోకి వచ్చింది. అంతవరకూ నాయనమ్మ లాటిన్ పూజలో జనం చెప్పే ‘ఎత్ కుం స్పీరితూ తువో’ను తన నోటికి తిరిగినట్టు ‘ఏటికి పోయి తిరిగి తూముకు’ అంటుండేది. తెలుగు పూజ మొదటిసారి విన్నాక, ఇన్నేళ్లూ ఫాదరుగారు మనతోనే మాట్లాడుతున్నాడా అని అడిగిందట.

చిత్రమేమిటంటే, మీరే మిషనరీలు అని గృహస్థులకు చెప్పిన ఆ దశాబ్దాల్లోనే ఊళ్లలో ఉపదేశి మాయమయ్యాడు. బడికి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వచ్చారు, సత్యోపదేశం మఠకన్యల చేతికి వెళ్లింది, ఉపదేశి జీతానికి విచారణల్లో డబ్బు లేకపోయింది. డబ్బంతా కాన్వెంటు భవనాలకు పోయింది. ఇంగ్లీషు మీడియం బడి కతోలికుల ఆనవాలైపోయింది. పట్నంలో మంచి ఉద్యోగస్తులు సీటు కోసం వరస కడతారు. ఆ బడి గోడ పక్కనున్న పల్లె పిల్లవాడు ఫీజు కట్టలేక సర్కారు బడికి వెళ్తాడు. గురువులు, మఠకన్యలు నొచ్చుకున్నా సరే, ఈ ముక్క రాయకుండా ఉండలేను. లాంతరు కింద ఊరికే చెప్పిన చదువు మిషను అయితే, ఇది ఇంకేదో.

ఆ పల్లె పిల్లవాడికి ఇంకో చిక్కు కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కిందికి రాడు, మన దగ్గర బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. అందుకని బడి రికార్డులో ఒక పేరు, జ్ఞానస్నాన పుస్తకంలో ఒక పేరు. గురువులు లేని కాలంలో విశ్వాసాన్ని కాపాడింది పేరేనని పైన అన్నాను. ఇప్పుడా పేరును దాచుకుని బతకవలసి వస్తోంది. ఆదివారం పూజకు వచ్చి, సోమవారం దరఖాస్తులో ఏం రాయాలో తెలియక కలం పట్టుకు కూర్చునే మనిషికి నిత్యజీవితంలో సాక్ష్యం గురించి ప్రసంగం చెప్పడం తేలిక.

2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటివారు, దళితులలో మొదటివారు. మా పల్లెలో ఆ రాత్రి టపాకాయలు కాల్చారు. తేరు చింతచెట్టు దాటి పల్లెలోకి రావడం అంతకు చాలా ముందే మొదలైందిలెండి.

ఇప్పుడు తెలుగు గురువులు అమెరికాలో, ఐరోపాలో విచారణలు నడుపుతున్నారు. ఒకప్పుడు మనకు గురువులను పంపిన దేశాల్లో గుడులకు మనవాళ్లే దిక్కవుతున్నారు. వాళ్ల ఫొటోలు పత్రికల్లో వస్తాయి. కువైట్లో ఇళ్లల్లో పనిచేస్తూ రాత్రి పన్నెండుకు జపమాల తీసే కడప, గోదావరి ఆడవాళ్ల ఫొటోలు రావు. ఆనాడు రాయలసీమ నుంచి బండెక్కినవాళ్లకు వీళ్లు నేరుగా వారసులు. వీళ్లనూ ఎవరూ పంపలేదు, బతుకు కోసం వెళ్లారు.

2021 మే 10న ఫ్రాన్సిస్ పాపుగారు ఉపదేశి పనిని తిరుసభలో అధికారికమైన పరిచర్యగా ప్రకటించారు. పుంగనూరు పూరిపాకల నాటి నుంచి లెక్కేస్తే మూడు వందల ఇరవై ఏళ్లకు. రోమాపురిలో పత్రం అయితే వచ్చింది, మా గుడి గోడ మీద పలక మాత్రం అలాగే ఉంది.

కిందటి క్రీస్తు జయంతికి ఊరు వెళ్లినప్పుడు విచారణ గురువుతో ఈ మాట అన్నాను. కుర్రవాడు, మంచివాడు. ‘ఉపదేశుల పేర్లు ఎవరి దగ్గరా లేవండీ, ఉంటే రెండో పలక చెక్కిద్దాం’ అన్నాడు. మా తాత పుస్తకం ఇచ్చి వచ్చాను. అందులో ఆయనకు ముందు పనిచేసిన ఇద్దరి పేర్లు ఉన్నాయి, అంతకుముందువి లేవు. మీ ఊళ్లోనూ గుడి ఉంటే, దానికి ఎనభై ఏళ్లు దాటిన ముసలివాళ్లు ఇంకా పూజకు వస్తుంటే, వచ్చే ఆదివారం వాళ్లను బయట అరుగు మీద కూర్చోబెట్టి అడగండి: మీకు జపాలు నేర్పింది ఎవరు, మీ పురిట్లో నీళ్లు పోసింది ఎవరు అని. పేరు, ఇంటిపేరు, ఊరు రాసుకుని గురువుగారికి ఇవ్వండి.